పక్షులను చూచుటకు భద్రాచలపు త్రోవలో

భద్రాచలయాత్ర చేసివచ్చినవారి యింట సీతారాముల పటమును, గోదావరి నీరు గల చెంబును తప్పక కానవచ్చును. కాని ఆ త్రోవలో ఏయే పక్షులను చూచితిరని యడిగినచో బదులు చెప్పగలవారు అరుదు. ఖమ్మము నుండి భద్రాచలము వరకు సుమారు 115 కిలోమీటర్ల దూరము. చెరువులు, జలాశయములు, అడవి, తుదకు గోదావరి, ఇవన్నియు ఆ త్రోవ పొడవునను, దాని చుట్టుప్రక్కలను ఉన్నవి. నీటిపక్షులకును, వాటిపై కన్నువేసి తిరుగు గద్దలకును, డేగలకును ఇది పుట్టినిల్లు వంటిది.

మేము నలుగురము స్త్రీలము ఈ త్రోవను రెండు మారులు పోయితిమి. మొదటి మారు ఏమియు చూడక తిరిగి వచ్చితిమి. రెండవ మారు చూచినదానిని నేటికిని మరువజాలకున్నాము. ఆ రెంటికిని గల భేదమంతయు ముందుగా చేసికొన్న యేర్పాటులోనే యున్నది. కావున మా తప్పులతో గూడ చెప్పినచో సోదరీమణులకు ఉపయోగపడునని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదటి ప్రయాణము

పిల్లలకు సెలవులు గదా యని మే నెలలో బయలుదేరితిమి. రంగురంగుల చీరలు కట్టుకొని, డబ్బాల నిండ ఫలహారములు సర్దుకొని, కిన్నెరసాని జలాశయపు గట్టు చేరునప్పటికి మధ్యాహ్నము పండ్రెండు గంటలైనది. ఎండ నిప్పులు చెరుగుచున్నది. మేము చూచినవి నాలుగు నీటికాకులు, చెట్టునీడను నోరు తెరచుకొని నిలిచియున్న కొంగ యొకటి. పిల్లల కేకలకు ఆ కొంగయు లేచిపోయినది. అచ్చట మామిడికాయలు అమ్ముకొను ముసలాయన మా అవస్థ చూచి, "పిట్టల కోసమైతే సలికాలం రావాలమ్మా. అదీ పొద్దు పొడవక ముందే రావాలె. ఈ యెండల ఏం కనపడ్తయి?" అని నవ్వెను. మేము పుస్తకములు చదివి తెలిసికొనవలసిన దంతయు ఆయన రెండు మాటలలో చెప్పివేసెను.

కాలము, వేళ

నీటిపక్షులలో కొన్ని సంవత్సరమంతయు మన చెరువులనే నమ్ముకొని యుండును. మరికొన్ని ఉత్తరదేశములనుండి వచ్చు అతిథులు. మధ్య ఆసియాలోను, సైబీరియాలోను చలికి సరస్సులు గడ్డకట్టునప్పుడు అచ్చటి బాతులు ఆహారము దొరకక దక్షిణమునకు బయలుదేరును. అక్టోబరు, నవంబరు మాసములలో మన చెరువులు చేరి, మార్చి నాటికి మరల తమ పుట్టినూళ్లకు పోవును. సూదితోక బాతు మొదలగునవి యిట్లు వచ్చునవే. చేపలను పట్టు కొరమీనుగద్దయు, రెల్లుపై తేలుచు పోవు జౌకుడేగయు ఈ చలికాలపు చుట్టములే. కావున డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు మంచి కాలము.

జులై మొదలు సెప్టెంబరు వరకు ఈ ప్రయాణము తలపెట్టరాదు. అది గోదావరికి వరదకాలము. భద్రాచలము వద్ద నీరు 43 అడుగులకు వచ్చినచో మొదటి హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు చేయుదురు. 1986లో 75 అడుగులు దాటిన వరదను అచ్చటి వృద్ధులు నేటికిని తలచుకొందురు. 2022 జులైలోను నీరు 71 అడుగులు దాటినది.

ఇక వేళ మాట. నీటిపక్షులను తెలతెలవారగనే చూడవలెను. అప్పుడవి మేతపై నుండును. వెలుతురు చల్లగా నుండి రంగులు స్పష్టముగా దెలియును. గద్దలకు మాత్రము అంత తొందర లేదు. బరువైన రెక్కలు గల పక్షులు రెక్కలు కొట్టుకొనుచు పైకెగురుట మిక్కిలి శ్రమ. ఎండ కాసి నేల వేడెక్కినపుడు వేడిగాలి పైకి లేచును. ఆ గాలిలో రెక్కలు చాచి, కదపకయే గుండ్రముగా తిరుగుచు అవి మేఘములదాక పోవును. కావున తొమ్మిది మొదలు పదకొండు గంటల వరకు ఆకాశమును చూడవలెను. ఉదయము నీరు, పిమ్మట ఆకాశము అని జ్ఞాపకముంచుకొన్న చాలును.

ఇంటి యేర్పాట్లు

మూడు దినములు ఇల్లు విడిచి పోవుట మగవారికి సులభము. మనకు పాలవాడు, పిల్లల బడి, పెద్దలకు పథ్యము, ఇవన్నియు ముందుగా సర్దుకొనవలెను. మాలో ఒకరి అత్తగారు, "పిట్టలను చూచుటకు అంత దూరమేల? మన పెరటిలో కాకులు లేవా?" అని యాక్షేపించిరి. రాముని దర్శనము గూడ నగునని చెప్పగా, తానును వచ్చెదననిరి. మేము కొంత సందేహించితిమి. తుదకు మా యందరిలో మొదట పక్షిని చూచి పేరు చెప్పినది ఆమెయే! పల్లెటూరి చెరువుగట్టున పెరిగిన ఆమె కన్నులు మా దుర్భిణులకంటె చురుకైనవి. కావున పెద్దలను ఇంట విడిచి పోకుడు. వారికి తెలిసిన పేర్లు మన పుస్తకములలో దొరకవు.

తీసికొనిపోవలసినవి కొలదియే. ఆకుపచ్చ, గోధుమవన్నె, బూడిదవన్నె గల నూలు చీరలు, గట్టి చెప్పులు, శాలువ. దుర్భిణి ఇద్దరికొకటి చాలును. దానిపై 8×42 అని వ్రాసియున్నచో, వస్తువును ఎనిమిది రెట్లు దగ్గర చేయుననియు, ముందు అద్దము 42 మిల్లీమీటర్ల వెడల్పనియు అర్థము. చేతులు వణకువారికిని, క్రొత్తవారికిని అది మేలు. పాలలెక్క వ్రాసికొను చిన్న పుస్తకము వంటిది ఒకటి, పెన్సిలు ఒకటి. పులిహోర, జొన్నరొట్టె, త్రాగునీరు. తిన్న కాగితమును, సంచిని తిరిగి ఇంటికి తేవలెను. చేతిఫోనులో పక్షి కూత వినిపించి పక్షులను పిలుచుట కొందరికి వేడుక. అది మంచిది కాదు. శత్రువు వచ్చెనని భ్రమపడి అవి మేతయు గూడును విడిచి వెదకుచు తిరుగును.

మొదటి దినము: పాలేరు

ఖమ్మము రైలుస్టేషనులో దిగి, మరునాడు చీకటితోనే పాలేరు జలాశయమునకు పోయితిమి. ఇది నిజాము ప్రభుత్వకాలమున కట్టినది. నేడు నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు దీనిలో చేరుచున్నది. సమీపమున నేలకొండపల్లి గలదు. భక్త రామదాసుగా ప్రసిద్ధికెక్కిన కంచెర్ల గోపన్న పుట్టిన యూరు అదియే. ఆయన పాల్వంచ పరగణాకు తహశీలుదారై, భద్రాచలమున ఆలయము కట్టించెను. నేలకొండపల్లి, పాల్వంచ, భద్రాచలము అను మా త్రోవ ఆయన జీవితపు త్రోవయే. పాలేరునకు పోలేనివారు ఖమ్మమునకు తూర్పున, కొత్తగూడెపు దారిలో నున్న వైరా జలాశయమున ఆగవచ్చును. అదియు ఆ కాలపు కట్టడమే.

మంచు విడువగనే బొల్లికోళ్లు నల్లని చుక్కలవలె నీటిపై కనబడినవి. ముక్కుపై తెల్లని బొట్టే వాటి గుర్తు. ఎర్రచిలువలు ఈలవేయుచు గుంపుగా దిగినవి. గుల్లకొంగ ముక్కు నడుమ సందుండును. ఆ ముక్కుతో అది నత్తను ఒలిచి తినుట చూచి మేము ఆశ్చర్యపడితిమి. బుడుబుంగ మునిగిన చోట తేలదు. నారాయణపక్షి యొంటికాలిపై జపము చేయుచున్నట్లు నిలిచెను. లకుముకిపిట్ట నీలపు మెరుపువలె పోయెను.

ఇంతలో బొల్లికోళ్లన్నియు ఒక్కసారిగా కలతపడి, నీటిని చిమ్ముచు దట్టముగా గుమిగూడినవి. మేము వాటినే చూచుచుండగా అత్తగారు, "అవి ఎందుకు బెదరినవో అది చూడుడు" అని వ్రేలు చూపిరి. రెల్లుపై జానెడెత్తున, రెక్కలు కొంచెము పైకెత్తి, జౌకుడేగ యొకటి నిశ్శబ్దముగా పోవుచుండెను. వేటపక్షిని వెదకువారు ఆకాశమును మాత్రమే గాక, ఇతర పక్షుల భయమును గూడ చదువవలెనని ఆనాడు నేర్చుకొంటిమి.

గట్టుపై తీతువు అరచినపుడు ఆమె మాత్రము చెవులు మూసికొనిరి. రాత్రి తీతువు అరచిన అశుభమని మన యిండ్లలో నమ్మకము గదా! ఆ పక్షి గూడు కట్టదు; వట్టినేలపై గులకరాళ్ల నడుమ గ్రుడ్లు పెట్టును. మనిషియో, కుక్కయో దాపునకు వచ్చినచో బిడ్డలకై అరచును. ఈ సంగతి చెప్పగా ఆమె కొంతసేపు ఊరకుండి, "ఐనచో అది తల్లి యేడుపు గాని చావు పిలుపు కాదన్నమాట" అనిరి.

రెండవ దినము: కిన్నెరసాని

కొత్తగూడెము మీదుగా పాల్వంచ చేరి, అచ్చటినుండి కిన్నెరసానికి పోవలెను. రైలులో వచ్చువారు కొత్తగూడెమున గల భద్రాచలము రోడ్డు స్టేషనులో దిగుదురు. గోదావరికి ఉపనదియైన కిన్నెరసానిపై కట్టిన ఈ ఆనకట్ట నీరు పాల్వంచ విద్యుత్కేంద్రమునకు పోవును. చుట్టునున్న అడవిని 1977లో అభయారణ్యముగా ప్రకటించిరి. దాని వైశాల్యము సుమారు 635 చదరపు కిలోమీటర్లు. టేకు, నల్లమద్ది, వెదురు, తునికి, ఇప్ప చెట్లు గల యడవి యిది. లోనికి పోవు అనుమతిని, పడవ సంగతిని బయలుదేరుటకు ముందే అటవీశాఖవారిని విచారింపవలెను. జలాశయమున మొసళ్లు గలవు. పిల్లలను నీటి యంచునకు పోనీయరాదు.

ఉదయము పడవపై పోవుచుండగా కొరమీనుగద్ద కనబడినది. నీటిపై ఎత్తున ఒకచోట రెక్కలాడించుచు నిలిచి, కాళ్లు ముందుకు చాచి బాణమువలె పడి, చేపతో లేచినది. చేప తలను ముందువైపునకు త్రిప్పి పట్టుకొని పోవుట దాని నేర్పు. గాలి యడ్డు తగ్గును గదా!

పది గంటలకు అడవి యంచున కూర్చుంటిమి. పైనుండి పిల్లనగ్రోవి వంటి కూత వినవచ్చెను. అది పాముగద్ద. వెడల్పైన నల్లని రెక్కల క్రింద పొడవునను తెల్లని పట్టె యుండును. పాములే దాని యాహారము. తేనెపట్టులలోని పురుగులను తిను తేనెగద్దయు ఈ యడవులలో నుండును. క్రొత్తవారు పక్షి తోకను చూడవలెను. ఊళ్లలో తిరుగు నల్లగద్ద తోక చేపతోకవలె చీలియుండును. గరుడపక్షి తోక గుండ్రన. తల, రొమ్ము తెలుపు. తక్కిన దేహము కాషాయవన్నె. ఈ రెంటిని భేదించుట నేర్చినచో తక్కినవి క్రమముగా తెలియును.

మన పేర్లు

పక్షుల పేర్లన్నియు ఇంగ్లీషులోనే యుండునని మనలో చాలమంది యభిప్రాయము. చెన్నపట్టణపు సైన్యమున వైద్యుడుగా నుండి నెల్లూరులోను పనిచేసిన జెర్డాను దొర 1862–64లో ప్రకటించిన భారతదేశపు పక్షుల గ్రంథములో మనవారు పిలుచు తెలుగు పేర్లను శ్రద్ధగా చేర్చెను. పాముగద్ద, జాలెడేగ, కొరమీనుగద్ద మొదలగునవి అట్టివే. పొలములపై ఒకచోట నిలిచి రెక్కలాడించు తెల్లని చిన్న గద్దకు అడవిరామదాసు అని పేరు. నదిపై తిరుగు రేవుపిట్టకు రామదాసు అని పేరు గలదు గనుక, దానిని పోలిన ఈ గద్ద అడవిరామదాసైనది. భద్రాచలపు త్రోవలో పొలముగట్టున ఆ పేరు తలచుకొని పక్షిని చూచినప్పటి సంతోషము ఇంతింతయనరాదు.

పాల్వంచ ప్రాంతము నిజాము రాజ్యములో నున్న కాలమున, 1931–32లో, సాలిం ఆలీగారు హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశోధించిరి. ఆయన కీర్తి యందరికిని తెలిసినదే. ఆయన శిబిరజీవితమున పాలుపంచుకొన్న భార్య తెహమీనా పేరు తెలిసినవారు కొలదిమంది. ఆమె 1939లో మరణించెను. పిమ్మట జమాల్ ఆరా అను నామె పక్షులను స్వయముగా పరిశీలించి, పిల్లలకు సులభమగునట్లు పుస్తకము వ్రాయగా 1970లో నేషనల్ బుక్ ట్రస్టువారు ప్రకటించిరి. స్త్రీలకు ఈ విద్య క్రొత్తది కాదు. మనము మరచినదానిని మరల చేపట్టుటయే.

మూడవ దినము: గోదావరి, ఎటపాక

భద్రాచలమున స్వామి దర్శనమునకు ముందే, తెల్లవారుజామున రేవునకు పోయితిమి. చలికాలమున నది సన్నగిల్లి ఇసుకతిన్నెలు బయటపడును. కవులు జక్కవలని వర్ణించిన బంగారువన్నె బాతులు చలికాలమున ఇట్టి తిన్నెలకే వచ్చును. రేవుపిట్టలు వేసవిలో ఈ ఇసుకలోనే గ్రుడ్లు పెట్టును. నీరు ఒక్కసారి వదలినను, ఇసుక త్రవ్వినను, కుక్కలు తిరిగినను ఆ యేటి సంతానమంతయు పోవును. ఈ కారణములచేతనే నదీరేవుపిట్ట నేడు ప్రపంచమున ముప్పునకు గురియైన పక్షులలో చేరినది. మార్చి దాటిన పిదప తిన్నెలపై నడువకుండుట మనము చేయగల పుణ్యము.

భద్రాచలమునకు సమీపమున ఎటపాక గలదు. 2014లో రాష్ట్రములు వేరైనపుడు అది ఆంధ్రప్రదేశములో చేరినది. సీతమ్మను రావణుడు కొనిపోవునపుడు జటాయువు అడ్డగించి పోరాడినది అచ్చటనే యనియు, జటాయుపాకయే ఎటపాక యైనదనియు స్థలపురాణము. జటాయువును గృధ్రరాజందురు. గృధ్రమనగా రాబందే. పరస్త్రీని కాపాడుటకు ముసలితనమున ప్రాణమిచ్చిన పక్షి యది. ఆ చోట నిలిచి రాబందును చూడవలెనని మా కోరిక.

అచ్చట గేదెలను మేపుకొను ఒక అవ్వను, "ఇటు రాబందులు వచ్చునా?" అని యడిగితిమి. ఆమె ఆకాశము వంక చూచి, "మా చిన్నతనంల గొడ్డు సచ్చిందంటే నిమిషంల వాలేయి తల్లీ. ఆ మద్దిచెట్టు మీద వరసగా కూసునేయి. ఇప్పుడేడున్నయి? కుక్కలే పీక్కుతింటున్నయి" అనెను. మేము రెండు గంటలు చూచితిమి. నల్లగద్దలు కనబడినవి. రాబందు ఒక్కటియు రాలేదు.

రాబందులు ఏమైనవి?

ఎవరును వాటిని వేటాడలేదు. తెల్లవీపు రాబందులు మన దేశమున 1992–2007 సంవత్సరముల నడుమ నూటికి తొంబదితొమ్మిది పాళ్లకు పైగా నశించినవి. కారణము 2004లో తేలినది. పశువుల నొప్పికి, జ్వరమునకు ఇచ్చు డైక్లోఫెనాక్ అను మందు చచ్చిన పశువు మాంసములో నిలిచియుండును. దానిని తిన్న రాబందునకు మూత్రపిండములు చెడి కొలది దినములలో ప్రాణము పోవును. పశువులకు ఆ మందు వాడుటను ప్రభుత్వము 2006లో నిషేధించినది. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ అను మందులను గూడ నిషేధించిరి.

రాబందులు పోవుటచే నష్టము వాటికే కాదు. కళేబరములు కుళ్లును, కుక్కలు పెరుగును, కుక్కకాటు పిచ్చియు, నీటి కాలుష్యమును హెచ్చును. రాబందులు తగ్గిన ప్రాంతములలో 2000–2005 నడుమ సుమారు అయిదు లక్షల మంది అదనముగా మరణించిరని పరిశోధకులు 2024లో లెక్క వేసిరి. ఊరి మైల కడిగిన పక్షిని పోగొట్టుకొన్నందులకు ఇది ఫలము కాదా?

ఐనను ఆశ వదలనక్కరలేదు. తెలంగాణపు ఉత్తరకొసను, బెజ్జూరు అడవిలోని పాలరాపు కొండచరియపై 2013లో రాబందుల గూళ్లు కనబడినవి.

సోదరీమణులారా! ఇందు మన పని గలదు. పశువుల కొట్టము చాలయిండ్లలో స్త్రీల చేతిలోనిదే. ఆవునకు, గేదెకు సూదిమందు వేయించునపుడు, "ఇది రాబందులకు హాని చేయనిదేనా? మెలాక్సికాం ఉన్నదా?" అని వైద్యుని అడుగుడు. అడుగుటకు చదువు అక్కరలేదు, ధనము అక్కరలేదు.

మరియొక పని గలదు. ప్రతి సంవత్సరము జనవరిలో పలు ఆసియా దేశములలో నీటిపక్షుల లెక్క జరుగును. ఇది 1987లో మొదలైనది. మీ యూరి చెరువుగట్టున ఒక యుదయము కూర్చుండి లెక్కించి పంపవచ్చును. ఇంటి పద్దు తప్పకుండ వ్రాయు చేతులకు ఈ పద్దు కష్టము కాదు.

మా పాలలెక్క పుస్తకములో ఆ మూడు దినముల పక్షుల పేర్లు వరుసగా వ్రాసికొంటిమి. తుదిపుటలో అత్తగారు తమ చేతితో రాబందు అని వ్రాసి, ఎదుట సున్న చుట్టిరి. "ఈ సున్న కొట్టివేయు దినము నా మనుమరాలైనను చూడవలెను" అనిరి. ఇంటికి వచ్చిన మరునాడే పశువైద్యుని పిలిపించి, తమ కొట్టములోని గేదెలకు ఏ మందు వేయుచున్నారో అడిగి తెలిసికొనిరి.